రాత్రి మూడింటికి బాత్రూం దారి: కొత్తవాడలో ఒక కేసు

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళకు ఇంటికి వెళ్ళి ఫిజియోథెరపీ చేయించడం నా పని. ఎక్కువగా వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో తిరుగుతాను. ఇలాంటి కేసులు చాలా చూశాను గానీ దీన్ని వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఈ ఇంట్లో ప్రమాదాన్ని తెచ్చిపెట్టింది ఇంటి బాగు కోసం చేయించిన రిపేరే. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఇల్లు, మనుషులు

పేషెంట్ వయసు 72. భర్తకు 78. ఆయన వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే మందపాటి నూలు జంపఖానాలు) నేసిన మనిషి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చేనాటికే ఆయన మగ్గం దిగిపోయాడు. మగ్గం పోయినా ఆ గదిని ఇంట్లో ఇప్పటికీ మగ్గం అర్ర అనే అంటారు. చిన్నకొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు వీళ్ళతోనే ఉంటారు. పెద్దకొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, పండుగలకు వస్తాడు.

ముందు గది, దాని వెనక దేవుడి అర ఉన్న నడిమి గది, పక్కన మగ్గం అర్ర, తర్వాత వంటగది. వంటగది తలుపు తీస్తే రెండు మెట్లు దిగి పెరడు. పెరట్లో ఒక పక్క అంట్లు తోముకునే జాలారు, ఆ చివర స్నానాల గది, లెట్రిన్. మన పాత ఇళ్ళన్నీ దాదాపు ఇట్లాగే ఉంటాయి.

ఫిబ్రవరిలో ఒక రాత్రి మూడింటికి మూత్రానికి లేచి పెరట్లోకి దిగుతూ ఆవిడ పడిపోయింది. ఎడమ తొడ ఎముక తుంటిలో కలిసే చోట, 'మెడ' అనే భాగంలో విరిగింది. మూడో రోజుకల్లా ఆపరేషన్ చేసి బాల్ (తుంటి కీలులో బంతిలా ఉండే ఎముక కొన) తీసి కృత్రిమమైనది పెట్టారు. కుట్లు తీశాక, వాకర్‌తో నడిపించమని నన్ను పిలిచారు.

ఎందుకు పడింది

ఎట్లా పడ్డారని అడిగితే ఇంటిల్లిపాదీ చెప్పేది ఒక్కటే మాట: "కాలు జారింది." అక్కడితో ఆగిపోతే చేయడానికేమీ మిగలదు, బాత్రూంలో ఒక మ్యాట్ వేసి వచ్చేయడం తప్ప. నేను ఆ మాటను రాసుకుంటాను గానీ నమ్మను. మంచం మీద లేచి కూర్చున్నప్పటి నుంచి కింద పడేదాకా ఏం జరిగిందో ఒక్కో అడుగూ చెప్పించుకుంటాను. చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళి, లైట్లన్నీ తీయించి, ఆ దారిలో నేనే నడుస్తాను. పగలు చూస్తే ఏ ఇల్లయినా బాగానే కనిపిస్తుంది.

అలా నడిచినప్పుడు తెలిసింది, పెరటి లైటు స్విచ్ తలుపు అవతల, బయటి గోడకు ఉందని. లైటు వేయాలంటే ముందు చీకట్లో మెట్టు దిగాలి. పైగా ఆవిడ ఆ లైటు వేసేదే కాదట. "లైటు ఏస్తె ఎలుగు కిటికీలకెల్లి ముసలాయన మొకం మీద పడ్తది బిడ్డా. లేస్తె మల్ల నిద్ర పట్టదు ఆయనకు" అంది. కోడలికి ఈ సంగతి తెలియదు. కొడుక్కీ తెలియదు.

తర్వాత మెట్లు కొలిచాను. పై మెట్టు 9 ఇంచులు, కింది మెట్టు 6 ఇంచులు. ఇంత తేడా ఎందుకని అడిగితే అసలు విషయం బయటపడింది. 2020 ఆగస్టులోనూ, మళ్ళీ 2023 జులైలోనూ కురిసిన వానలకు వరంగల్‌లో ఎన్నో కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆ భయంతో నేల ఎత్తు పెంచుకున్న ఇళ్ళు నేను చాలా చూశాను. వీళ్ళు కూడా పాత బండలు అలాగే ఉంచి, వాటి మీద సిమెంటు మసాలా పోయించి టైల్స్ వేయించారు. లోపల నేల 3 ఇంచులు లేచింది. పెరడు లేవలేదు. అంతకుముందు రెండు మెట్లూ ఆరేసి ఇంచులే. నలభై ఏళ్ళుగా ఆవిడ కాలికి అలవాటైన ఎత్తు అది. పగలైతే కన్ను చూసి కాలికి చెప్తుంది. చీకట్లో కాలు తనకు తెలిసిన లోతుకే దిగుతుంది. అక్కడ నేల అందలేదు.

మూడోది ఒంట్లో ఉంది. పడుకోబెట్టి బీపీ చూస్తే 148/84. లేపి నిలబెట్టి, నిమిషం తర్వాత చూస్తే 122/74. "కండ్లకు చీకట్లు వచ్చినయ్" అని మంచం పట్టి పట్టుకుంది. లేచిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఈవిడకు రెండూ పడిపోయాయి. మందుల డబ్బా తెప్పించి చూశాను. బీపీ, షుగర్ గోలీలతో పాటు నీరు పోయే గోలీ ఉంది, అది రాత్రి భోజనం తర్వాత వేసుకుంటోంది. ఇంకొకటి నిద్ర గోలీ. ఏ డాక్టరూ రాయలేదు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదే. నీరు పోయే గోలీ రాత్రి రెండు మూడుసార్లు లేపుతుంది, నిద్ర గోలీ ఆ లేచిన మనిషిని మత్తులో నడిపిస్తుంది. మందులు మార్చడం నా పని కాదు కాబట్టి, రెండు బీపీ అంకెలూ గోలీల పేర్లూ కాగితం మీద రాసి వాళ్ళ ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఆయన నీరు పోయే గోలీని పొద్దుటికి మార్చారు. నిద్ర గోలీని ఒక్కసారిగా మానేయకూడదు కాబట్టి డోసు తగ్గిస్తూ వచ్చి ఆపేశారు. ఈ కేసులో ఏ పని ఎక్కువ మేలు చేసిందని ఎవరైనా అడిగితే, పైసా ఖర్చు లేని ఈ పనే అంటాను.

ఇక కళ్ళు. కుడికన్నుకు శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమకన్నుకు కాలేదు. పెట్టుకునేది బైఫోకల్ అద్దాలు. మెట్టు దిగేటప్పుడు కిందికి చూస్తే, చదువుకోవడానికి పెట్టిన కింది ముక్కలోంచే చూపు పోతుంది, మెట్టు అంచు మసకబారుతుంది. నడకకు విడిగా దూరం చూసే అద్దాలు చేయించుకోమని చెప్పాను.

పరీక్షల్లో ఇంకేం తేలింది

కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష ఒకటి ఉంది, టైమ్డ్ అప్ అండ్ గో అంటారు. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువైతే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. ఆవిడకు వాకర్‌తో 34 సెకన్లు పట్టింది. ఆపరేషన్ అయిన కొత్తలో అది సహజమే. అరికాళ్ళలో స్పర్శ తగ్గింది, అది షుగర్ వల్ల. తొడ కండరాల్లో బలం రెండు వైపులా తక్కువే, అంటే పడకముందు నుంచీ తక్కువే.

మంచం ఎత్తు 14 ఇంచులు. మోకాలి వెనక నుంచి మడమ దాకా కొలిస్తే 16. బాల్ మార్చిన తుంటికి సర్జన్ చెప్పినంతకాలం మోకాలు తుంటికన్నా పైకి రాకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, గొంతుక్కూర్చోకూడదు. ఈ ఇంట్లో మంచం పొట్టిది, లెట్రిన్ ఇండియన్‌ది, అదీ 6 ఇంచుల గద్దె మీద.

వాకర్ వెడల్పు 23 ఇంచులు. స్నానాల గది ప్లాస్టిక్ తలుపు తీస్తే దొరికే సందు 22. ఇది ఎవరూ కొలిచి చూడరు. వాకర్ బయటే వదిలేసి, ఆ ఊగే తలుపును పట్టుకుని ఆవిడ లోపలికి పోతోంది. పైగా తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడిపోతే ఆ మనిషే తలుపుకు అడ్డం, బయటివాళ్ళు నెట్టలేరు.

గడపల గొడవ

మంచం నుంచి లెట్రిన్ దాకా మూడు గడపలు: నడిమి గదిది, వంటగది వెనక తలుపుది, లెట్రిన్ ముందు నీళ్ళు బయటికి రాకుండా పెట్టిన 2 ఇంచుల గ్రానైట్ పట్టీ. ముందు తలుపు గడప వేరే.

పెద్దకొడుకు ఫోన్‌లోనే తేల్చేశాడు, "అన్నీ కోయించేయండి మేడం" అని. నేను ఒప్పుకోలేదు. లోపలి గడపలు కూడా పాత టేకు చౌకట్లలో భాగమే, కోస్తే తలుపు కుదురు పోతుంది. అంతకన్నా ముఖ్యం, గడప ఆ ఇంట్లో లక్ష్మి. శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టేది ఈవిడే. తన కోసం గడప కోయించారన్న బాధతో బతికే మనిషి వ్యాయామం ఏం చేస్తుంది?

గడప తొక్కకూడదన్నది వీళ్ళకు చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు. మామూలు మనిషికి అది పెద్ద విషయం కాదు. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం దాన్ని దాటడానికి కాలు మరీ పైకి ఎత్తి, ఒంటికాలి మీద కాసేపు నిలబడాల్సి వస్తుంది. అయినా ముందు తలుపు గడప నాలుగు ఇంచులున్నా అక్కడ ఎప్పుడూ తట్టుకోలేదని ఆవిడే చెప్పింది. మసక కన్నుకు కూడా ఆ పసుపు, ఆ ఎర్రబొట్లు దూరం నుంచే కనిపిస్తాయి. లోపలి గడపలేమో నేల రంగులోనే కలిసిపోయాయి, గ్రానైట్ పట్టీ అయితే టైల్స్‌తో సహా అంతా బూడిదరంగే.

లోపలి గడపల అంచుకు కూడా రంగు వేయిద్దామన్నాను. "రంగెందుకు బిడ్డా, పసుపే పూస్త" అంది. తడి పసుపు జారుతుందని నచ్చచెప్పి పసుపురంగు పెయింటే వేయించాం. కోడలు దాని మీద ఎర్ర పెయింట్‌తో బొట్లు పెట్టింది. చౌకట్లకు రెండు వైపులా నిలువు హ్యాండిళ్ళు బిగించాం. వాకర్ ముందు అవతలికి, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. ఈ వరస నోటికి వచ్చేదాకా చేయించాను. గ్రానైట్ పట్టీకి మాత్రం ఇవతల, అవతల సిమెంటుతో వాలు పోయించి, దాని అంచుకూ పసుపు గీత వేయించాం.

మెట్లు, ర్యాంపు లెక్క

మెట్లు పగలగొట్టి ర్యాంపు పోయిస్తామని చిన్నకొడుకు మేస్త్రీని కూడా పిలిచేశాడు. ర్యాంపు అనగానే మంచిదే అనుకుంటాం. లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక ఇంచు ఎత్తుకు 12 ఇంచుల పొడవు ఉండాలి. ఇక్కడి ఎత్తు 15 ఇంచులు, అంటే 15 అడుగుల ర్యాంపు. పెరడు మొత్తం 9 అడుగులు. ఉన్న జాగాలో కుదించి పోస్తే అది వానాకాలంలో జారుడుబండ.

అందుకే ఆ రెండు మెట్లు తీసేసి ఐదేసి ఇంచులవి మూడు కట్టించాం. పాదం పూర్తిగా ఆనేలా ఒక్కో మెట్టు అడుగు వెడల్పు. పైన నున్నగా గీయకుండా గీతలు కొట్టించాం, అంచుకు పసుపు పట్టీ. రెండు వైపులా ఇంచుంబావు జీఐ పైపు రేలింగ్, చివరి మెట్టు దాటి ఇంకో అడుగు ముందుకు వచ్చేలా. చాలామంది రేలింగ్‌ను చివరి మెట్టు దగ్గరే ఆపేస్తారు. మనిషి తూలేది సరిగ్గా అక్కడే.

స్విచ్ లోపలికి వచ్చింది, టూవే వైరింగ్‌తో ఒకటి మంచం పక్కన, ఒకటి వంటగది తలుపు దగ్గర. పెరటి బల్బును కిటికీ మీద వెలుగు పడకుండా పక్కకు మార్చి డొప్ప పెట్టించాం. మంచం నుంచి తలుపు దాకా గోడకు చీలమండ ఎత్తులో, మనిషి కదిలితే వెలిగే చిన్న సెన్సర్ లైట్లు పెట్టాం. అవి ఛార్జింగ్‌వి, కరెంటు పోయినా వెలుగుతాయి. ముసలాయన నిద్ర చెడలేదు. ఆ మాట ఆయన నోట విన్నాకే ఆవిడ వాటిని పీకేయమనడం మానింది.

లెట్రిన్

కమోడ్ పెట్టిద్దామంటే ఇద్దరూ ఎదురు తిరిగారు. ఆయనకు ఇండియన్‌ది లేకపోతే సాఫీగా కాదట. ఆవిడకేమో "గా కుర్చీ మీద కూసోని ఎల్లుడేంది" అని రోత. ఇండియన్ దాని మీదే వేసుకునే స్టూలు తెచ్చి చూశాం. గద్దె ఇరుకుగా ఉండి నాలుగు కాళ్ళూ సరిగా ఆనలేదు, ఒక కాలు అంచు మీద నిలబడింది. అది వెంటనే తిరిగిచ్చేయించాను. చివరికి సర్జన్ చెప్పిన జాగ్రత్తలు కొడుకు చదివి వినిపిస్తే ఒప్పుకున్నారు. గద్దె తీసేసి, సీటు 18 ఇంచుల ఎత్తులో ఉండేలా కమోడ్ బిగించాం. నెల తిరగకుండానే "మోకాళ్ళకు సుకమున్నది" అని ఆయనే దానికి ఎక్కువ అలవాటు పడ్డాడు.

పని నడిచినన్నాళ్ళూ, ఆ తర్వాత కొన్ని వారాలూ రాత్రిపూటకు కమోడ్ కుర్చీ వాడాం. నడిమి గదిలో దేవుడున్నాడు కాబట్టి అక్కడ వద్దన్నారు, మగ్గం అర్రలో పరదా కట్టి పెట్టాం.

పట్టుకునే రాడ్డు దగ్గర మేస్త్రీకీ నాకూ పెద్ద వాదనే అయింది. ఆయన టైల్ గీతకు సమానంగా, చూడ్డానికి అందంగా బిగిస్తానంటాడు. నేను ఆవిడను కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవమని చెప్పి, కుడిచెయ్యి తనంతట తాను గోడ మీద ఎక్కడికి పోతుందో చూశాను. మూడుసార్లూ అదే చోటు. అక్కడ సుద్దముక్కతో గీత గీశాను, టైల్ గీతకు నాలుగు వేళ్ళు కింద. మేస్త్రీ ముఖం మాడ్చుకుని అక్కడే బిగించాడు. అది నాలుగున్నర ఇంచుల ఇటుక గోడ, అందుకని ప్లాస్టిక్ గట్టాలు వద్దని యాంకర్ ఫాస్టెనర్లు, వెనకవైపు ఇనుప ప్లేటుతో బిగింపు పెట్టించాను. తర్వాత నా బరువంతా వేసి వేలాడి చూశాను. టవల్ రాడ్డునే ఆసరా అనుకునే ఇళ్ళు ఎన్నో. అది తువ్వాల బరువుకే పెట్టింది, మనిషి లాగితే ఊడి చేతికొస్తుంది.

స్నానాల గది తలుపుకు కీళ్ళు మార్చి బయటికి తెరుచుకునేలా, గడియ బయటి నుంచి కూడా తీసేలా చేశాం. చౌకట్టు ఒక పక్క చెక్కి సందు పెంచాం, ఇప్పుడు వాకర్ పడుతుంది. లోపల రబ్బరు కాళ్ళ స్టూలు, మగ్గు అందేలా ఎత్తు మీద బకెట్. జాలారు దగ్గరి పాచికి వారానికోసారి బ్లీచింగ్ పౌడర్ వేసి రుద్దడం కోడలు ఒప్పుకున్న పని. తలకు నూనె పెట్టుకుంటే ఆ రోజు ఒంటరిగా స్నానం వద్దన్నాను.

మంచం కాళ్ళ కింద గుంటలు తొలిచిన చెక్క దిమ్మలు పెట్టి 19 ఇంచులు చేశాం, ఆమె పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకుని.

ఆయన నేసిన దర్రీ

ముందు గదిలో నేల మీద ఒక దర్రీ పరిచి ఉంది. నీలం, ఎరుపు పట్టీలు, ఆయన చేత్తో నేసింది. తీయాలన్నాను. "అది బరువైన నేత. ముడుచుకోదు" అన్నాడు, కొంచెం కటువుగానే. నేను వాదించలేదు. ఖాళీ వాకర్ తెచ్చి దాని మీద మామూలుగా నెట్టాను. రబ్బరు బుడిపె అంచు కింద దూరి, దర్రీ ఒక మడతగా లేచింది. ఆయన వంగి ఆ మడతను చేత్తో సరిచేసి, మళ్ళీ నెట్టమన్నాడు. మళ్ళీ లేచింది. ఇంకేం మాట్లాడకుండా తానే చుట్టి దివాన్ మీద పరిచాడు.

ఆయన అలా వంగి లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు. ఒకళ్ళ కోసం వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న రెండో పెద్దమనిషిని కూడా చూడాలన్నది నా పద్ధతి. లేచి 3 మీటర్లు నడిచొచ్చే ఆ పరీక్షే పెడితే ఆయనకు 15 సెకన్లు పట్టింది. ప్రొస్టేట్‌కు వేసుకునే గోలీతో లేచినప్పుడు తల తిరుగుతుందట. సంక్రాంతి అప్పుడు జాలారు దగ్గర పడ్డాడు కూడా, ఎవరికీ చెప్పలేదు. ఆయనను కూడా డాక్టరు దగ్గరికి పంపాం.

వ్యాయామం, ఖర్చు, ఫలితం

ఇంటిని ఎంత మార్చినా కాళ్ళలో బలం లేకపోతే లాభం లేదు. చేతుల కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తడం, పక్క అడుగులు. మొదట ఐదేసిసార్లు, తర్వాత పెంచుకుంటూ పోయాం. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. రాత్రి లేస్తే మంచం అంచున కూర్చుని కాసేపు పాదాలు ఆడించాకే నిలబడాలి. పడితే చెయ్యి పట్టి గుంజి లేపొద్దని, ముందు నొప్పి ఎక్కడో అడగమని ఇంట్లోవాళ్ళకు చెప్పాను. ఫోన్ పక్కన గోడకు పెద్ద అంకెలతో కొడుకుల నంబర్లు, పక్కింటివాళ్ళది, 108, పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 రాసి అంటించారు.

అటాచ్డ్ బాత్రూం కట్టిస్తే రెండు లక్షలవుతుందని అంతకుముందు ఎవరో లెక్క చెప్పారట. ఈ మార్పులన్నీ కలిపి 40 వేల లోపే అయ్యాయి, సగానికి పైగా మేస్త్రీ పనికి, కమోడ్‌కే. వాకర్ వీళ్ళు కొన్నారు. కొనలేని ఇళ్ళకు నేను రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి చెప్తుంటాను. 2017లో మొదలైన ఈ కేంద్ర పథకం కింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు, అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ద్వారా. ఎక్కువగా క్యాంపులు పెట్టి ఇస్తారు కాబట్టి కలెక్టరేట్‌లో అడిగి ఉంచుకోవాలి.

మూడు నెలలకు వాకర్ పోయి చేతికర్ర వచ్చింది, 34 సెకన్లు 17కు తగ్గాయి. నిలబడితే బీపీ పడిపోవడం ఆగింది. సద్దుల బతుకమ్మనాడు వీధి చివరిదాకా నడిచి, కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

కుదరనివీ ఉన్నాయి. ఇంట్లో వేసుకోవడానికి వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చారు. దేవుడి గదిలో, వంటింట్లో చెప్పులతో తిరగనంది, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. పెరట్లోకి మాత్రం వేసుకుంటుంది. వట్టి కాళ్ళతో తిరుగుతుంది కాబట్టి కోడలు రోజూ అరికాళ్ళు చూస్తుంది. పొద్దున్నే వాకిట్లో సాన్పు చల్లే పని మాననంది, చివరికి నీళ్ళు కోడలు చల్లేలా, ముగ్గు ఈవిడ స్టూలు మీద కూర్చుని వేసేలా రాజీ కుదిరింది. ఎడమకన్ను ఆపరేషన్ ఇంకా వాయిదాల్లోనే ఉంది.

డాబా మెట్లది ఇంకో పంచాయితీ. ఎండాకాలం మిరపకాయలు, వడియాలు ఎండబెట్టేది పైనే, ఆ మెట్లకు ఒక పక్క గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. వెల్డింగ్ ఆయన వచ్చి కొలతలు తీసుకుని రేటు చెప్పాడు. పెద్దకొడుకు దసరాకు వచ్చినప్పుడు చూద్దామన్నాడు, మళ్ళీ సంక్రాంతికి అన్నాడు. అప్పటిదాకా పై తలుపు తాళంచెవి కోడలి దగ్గర ఉంచమన్నాను. ఇంకొకటి ఎక్కడుందో ఆవిడకు తెలుసని నా అనుమానం.